అతిథి రాకముందు అద్దె ఇల్లు

వాన్ గో వేసిన ‘పసుపు ఇల్లు’ ముందు నిలబడ్డవాళ్లలో చాలామంది, ఆ ఇంట్లో తర్వాత జరిగినదాన్ని తలచుకుంటూ చూస్తారు. ఇక్కడే కదా చెవి కోసుకున్నాడు, ఇక్కడి నుంచే కదా ఆసుపత్రికి తీసుకెళ్లారు, అనుకుంటూ. ఆ బొమ్మకు అంతకు మించిన అన్యాయం మరొకటి లేదు. అది వేసింది 1888 సెప్టెంబరు చివర్లో. చెవి సంగతి డిసెంబరు 23 రాత్రిది. నడుమ మూడు నెలలున్నాయి. రాబోయే దుఃఖాన్ని తెచ్చి ఇంకా రాని రోజు మీద పులిమితే ఆ రోజు వెలుతురు మనకు కనిపించకుండా పోతుంది. ఆ కాన్వాసు నిండా ఉన్నది సంతోషం. వెచ్చదనం వెతుక్కుంటూ పరాయి దేశంలో దక్షిణానికి దిగివచ్చినవాడికి, ముప్పై అయిదేళ్ల వయసులో, ఇది నా గడప అనుకోదగ్గ గడప ఒకటి దొరికినప్పటి సంతోషం. ఆ గడప అద్దెది. అద్దెది కావడం వల్లనే ఆ సంతోషానికి సొంత ఇంటి బొమ్మల్లో దొరకని రుచి ఒకటి వచ్చిందని నా నమ్మకం.

విన్సెంట్ వాన్ గో డచ్చివాడు. 1853లో నెదర్లాండ్స్ దక్షిణాన జుండర్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తడి నేల, కిందికి వంగిన మబ్బు, దీపం చుట్టూ మూగే చీకటి అతనికి పుట్టుకతో వచ్చాయి. 1885లో వేసిన ‘బంగాళదుంపలు తినేవాళ్లు’ చూస్తే బొమ్మంతా మట్టి రంగు, మసి రంగు. తర్వాత పారిస్‌లో రెండేళ్లున్నాడు. అక్కడ రంగులు తేలికపడ్డాయి గాని మనిషి అలిసిపోయాడు. జపాన్ వాళ్ల రంగుల అచ్చుబొమ్మలు పోగుచేసి, గోడలకు అంటించుకుని, అలాంటి వెలుతురు ఫ్రాన్స్ దక్షిణాన ఉంటుందని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. 1888 ఫిబ్రవరి 20న ఆర్ల్ స్టేషన్లో రైలు దిగితే, ఎండ కోసం వచ్చిన ఆ మనిషికి ఎదురైంది నేలంతా పరుచుకున్న మంచు.

అయినా వెనక్కి తిరగలేదు. కొద్ది వారాల్లోనే బాదం, పీచ్, ప్లమ్ చెట్లు పూతకొచ్చాయి. అతను తోట తర్వాత తోట వేస్తూ పోయాడు. బస మాత్రం హోటల్లో. అక్కడ అద్దె దగ్గర తగాదా వచ్చి విషయం న్యాయాధికారి దాకా వెళ్లింది. ఆయన 12 ఫ్రాంకులు తగ్గించమని తీర్పిచ్చాడు. ఇల్లు లేనివాడి బతుకు ఇలాగే ఉంటుంది, ఎవరి గోడల మధ్య ఉంటే వాళ్లకు లోకువ. మే 1న, ప్లాస్ లామార్తీన్ అనే కూడలిలో, ఒక కట్టడం కుడి భాగాన్ని నెలకు 15 ఫ్రాంకులకు మాట్లాడుకున్నాడు. రెండు గదులు, మరో రెండు చిన్న గదులు. ఎడమ భాగంలో కిరాణా కొట్టు. స్టేషన్ దగ్గర. మరుగుదొడ్డి ఇంట్లో లేదు, పక్క కట్టడంలోని హోటల్లో ఉంది. మంచాలు కొనే డబ్బు లేక సెప్టెంబరు దాకా రాత్రిళ్లు దగ్గర్లోని కాఫీ హోటల్లో పడుకుని, పగలు మాత్రం ఈ ఇంట్లో బొమ్మలు వేసుకున్నాడు. ఇవన్నీ ఇబ్బందులే. తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాల్లో వాటిని దాచలేదు. కానీ ఇంటి మీద ఎండ బాగా పడుతుందని కూడా ఆ ఉత్తరాల్లో చెప్పుకున్నాడు.

ఎండలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ మాట చెవికి కొత్తగా తగులుతుంది. మన ఇళ్ల అందమంతా నీడ చుట్టూ అల్లుకున్నది. చూరు కిందికి దిగాలి, వసారా లోతుగా ఉండాలి, వేపచెట్టు అరుగు మీదికి వాలాలి. కోనసీమ మండువా లోగిళ్లు చూడండి. ఎండను నట్టింట్లోకి ఎంత రానివ్వాలో, ఏ వేళకు ఎక్కడ ఆపాలో కొలిచి కట్టినట్టుంటాయి. ఇల్లు ఎండలో ఉందని గొప్పగా చెప్పుకునేవాడు మన దగ్గర ఉండడు. అద్దెకు ఇల్లు చూడబోయినవాళ్లు పడమటి ఎండ పడుతుందా అని ముందే అడిగి, పడుతుందంటే మొహం చిట్లించి వెనక్కి వస్తారు. ఉత్తరాది ఐరోపా మనిషికి ఎండ వేరు. అది మందు, మొక్కు, దొరకని చుట్టం. ఇప్పటికీ ఇంగ్లండు నుంచీ నెదర్లాండ్స్ నుంచీ స్వీడన్ నుంచీ ఉద్యోగాలు ముగించుకున్నవాళ్లు స్పెయిన్ తీరంలో, పోర్చుగల్‌లోని ఆల్గార్వ్‌లో ఇళ్లు కొనుక్కుంటారు, చలికాలానికి అద్దెకు తీసుకుంటారు. గదుల లెక్క కన్నా ముందు వాళ్లు అడిగేది దక్షిణపు కిటికీ గురించి. పదిహేను ఫ్రాంకుల్లో విన్సెంట్ ఎక్కువ భాగం ఎండకే కట్టాడనుకుంటే, ఆ ఇల్లు అతనికి ఎందుకంత చవకగా తోచిందో తెలుస్తుంది.

మన ఎండకూ ఆర్ల్ ఉన్న ప్రొవాన్స్ ప్రాంతపు ఎండకూ మరో తేడా ఉంది. ఉత్తరం నుంచి రోన్ లోయ గుండా మిస్త్రాల్ అనే చలిగాలి వీస్తుంది. అది పొడిగాలి. ఆకాశంలోని తేమనీ ధూళినీ ఊడ్చేస్తుంది. అది వీచినప్పుడు విన్సెంట్ తన ఈజిల్‌ను మేకులు పాతి నేలకు కట్టేసుకునేవాడు, అయినా కాన్వాసు వణికేది. తిట్టుకుంటూనే వేసేవాడు. ఆ గాలి వెళ్లిపోయాక మిగిలే నీలం మన వేసవి ఆకాశంలో కనిపించదు. మన మే నెల మిట్టమధ్యాహ్నం ఆకాశం తెల్లబోతుంది, వేడికి రంగు కరిగిపోతుంది. అక్కడ ఎండ కాసేకొద్దీ నీలం చిక్కబడుతుంది. పసుపు ఇంటి పైన ఉన్న ఆకాశం ఆ చిక్కటి నీలం. మధ్యాహ్నపు వెలుతురే అయినా దాదాపు రాత్రి లోతు ఉంటుంది అందులో. అంత ముదురు నీలం వెనకాల నిలబడకపోతే ఆ ఇల్లు అంతలా వెలగదు.

ఇక బొమ్మలోకి వద్దాం. 72 సెంటీమీటర్ల ఎత్తు, 91.5 సెంటీమీటర్ల వెడల్పు. మొదట కంటికి తగిలేది ఇల్లు కాదు, నేల. కింది భాగమంతా ఖాళీ కూడలి. ఇసుక రంగు, ఎండు గడ్డి రంగు, అక్కడక్కడ ఆకుపచ్చ జీర. ఒక బొమ్మలో ఇంత చోటు ఉత్త నేలకు వదిలేయడానికి ధైర్యం కావాలి. దాటవలసిన ఎండ అది. చూసేవాడు ఆ ఖాళీని నడిచి దాటితే గాని ఇంటి గుమ్మం చేరలేడు. ఆ నడకలో కళ్లు చికిలించుకుంటాయి, అరికాళ్లకు వేడి తగులుతుంది. మిట్టమధ్యాహ్నం కర్నూలు వీధిలో నడిచిన మనిషికి ఆ నేల పరిచయమే. ఆ నేల మీద మట్టి కుప్పలు వరసగా ఉన్నాయి, ఎవరో తవ్వి పోసినట్టు. నిజంగానే తవ్వారు, గ్యాసు గొట్టాలు వేయడానికి. మరో చిత్రకారుడైతే ఆ మట్టి దిబ్బలను తీసేసి కూడలిని చదునుచేసి చూపించేవాడు. ఇతను వాటిని ప్రేమగా వేశాడు. ఎందుకంటే ఆ గొట్టాల్లోంచి వచ్చే వెలుగుతో రాత్రిళ్లు ఇద్దరు చిత్రకారులు పక్కపక్కన కూర్చుని పని చేసుకోవచ్చు. ఆ మట్టి కుప్పల్లో రాబోయే రాత్రులున్నాయి. కొద్దివారాలకే తన చిత్రశాలలోనూ వంటింట్లోనూ గ్యాసు దీపాలు పెట్టించుకున్నాడు.

తర్వాత ఇల్లు. దాని పసుపు ఒకటే పసుపు కాదు. గోడ మీద తాజా వెన్న రంగు, పక్కగోడకు గంధకపు రంగు, దూరపు మేడలకు కాస్త నిమ్మపండు, కాస్త కాషాయం. ఊరంతటినీ ఒకే పసుపు మీదికి తెచ్చి, ఆ పసుపులోంచే ఒక్కో గోడకూ వేరే స్వరం పలికించాడు. ఒక్క రాగంలో ఎన్ని సంగతులు వేయవచ్చో అన్నీ వేసినట్టు. తలుపులూ కిటికీ రెక్కలూ పచ్చి ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ లేకపోతే పసుపు ఎండిపోయేది. ఎడమవైపు, చెట్టు నీడలో, గులాబీ రంగు గోడలున్న భోజనశాల కనబడుతుంది. విన్సెంట్ రోజూ తినేది అక్కడే. కుడివైపు వీధి లోపలికి సాగిపోతుంది. దాని చివర రైలు వంతెన, వంతెన మీద పొగ వదులుతూ రైలు. పోస్టల్ ఉద్యోగి రూలాన్ కుటుంబం ఉండేది అటువైపే. తన బతుకులో ఉన్నవన్నీ, తిండి, స్నేహం, ప్రయాణం, ఇల్లు, ఒకే చూపుకు అందేలా ఒకచోట చేర్చాడు. అందుకే ఈ బొమ్మకు అతను ‘వీధి’ అని కూడా పేరు పెట్టుకున్నాడు. అద్దె ఇల్లు వీధితో కలిపి అద్దెకు వస్తుందని అద్దెకున్నవాళ్లందరికీ తెలుసు.

అతని స్నేహితుడు, ఫ్రెంచి సైన్యంలోని జుయావ్ దళంలో అధికారి మిలియే, ఈ బొమ్మ చూసి మొహం చిట్లించాడు. మామూలు కిరాణా కొట్టూ, నిట్రాయిల్లా నిలబడ్డ ఇళ్లూ, వాటిని వేయడంలో ఏం సుఖముందో అతనికి అర్థం కాలేదు. ఈ మాట విన్సెంటే థియోకు రాశాడు, కించిత్తు కూడా నొచ్చుకోకుండా. అందమైనదాన్ని అందంగా వేయడం అతని పని కాదు. ఒక చోటును ప్రేమించినవాడి కంటికి ఆ చోటు ఎలా వెలుగుతుందో చూపించడం అతని పని. గోడలకు కొత్త రంగు వేయించినప్పుడు ఆ ఖర్చులో తన వాటా తానూ కట్టాడు. తనది కాని గోడకు. ఆ ఒక్క సంగతి తెలిశాక ఆ గోడల పసుపును నేను వేరే కళ్లతో చూడటం మొదలుపెట్టాను.

ఇక్కడ మన అలంకారశాస్త్రం నాకు తోడు వస్తుంది. భరతుడు నాట్యశాస్త్రంలో నాయికలకు ఎనిమిది అవస్థలు చెప్పాడు. వాటిలో వాసకసజ్జిక ఒకటి. ప్రియుడు వస్తాడని తెలిసి, ఇల్లూ తనూ అలంకరించుకుని ఎదురుచూసే నాయిక. క్షేత్రయ్య పదాలకు అభినయం పట్టే నర్తకి ఆ అవస్థను చూపేటప్పుడు దుఃఖం చూపదు. పూలు గుచ్చుతుంది, పడక సర్దుతుంది, దీపం వత్తి ఎగదోస్తుంది, గుమ్మం దాకా వెళ్లి వస్తుంది. చేతుల నిండా పని, ఆ పని నిండా రాబోయేవాడు. విరహోత్కంఠితకూ వాసకసజ్జికకూ మధ్య తేడా అంతా అక్కడుంది. మొదటామెకు రానివాడి లోటు, రెండో ఆమెకు రాబోయేవాడి నిండుదనం. విన్సెంట్‌ది శృంగారం కాదు, స్నేహం. పాల్ గోగాన్ అనే చిత్రకారుడు బ్రిటనీ తీరంలో అప్పుల్లో కూరుకుని ఉన్నాడు. అతన్ని ఆర్ల్‌కు పిలిచి, ఈ ఇంట్లో ఉంచి, దక్షిణాన చిత్రకారుల నిలయమొకటి మొదలుపెట్టాలని విన్సెంట్ కల. ఆలంబనం ఎవరైనా, ఎదురుచూపులో ఇంటిని అలంకరించే చేతులు చేసే పని ఒకటే. పసుపు ఇంటిని అర్థం చేసుకోవడానికి నాకు తెలిసిన చిత్రకళా చరిత్ర పుస్తకాలన్నిటికన్నా ఈ ఒక్క నాయికావస్థ ఎక్కువ పనికొచ్చింది.

అలంకరణ ఎలా సాగిందో చూడండి. థియో 300 ఫ్రాంకులు పంపాడు. రెండు మంచాలు కొన్నాడు. ఇనప మంచాలైతే చవక. కానీ అతనికి పల్లెటూరి చెక్క మంచాలు కావాలి, పెద్దవి, బరువైనవి, ఇంటికి నిలకడ తెచ్చేవి. ఒక్కోటి 150 ఫ్రాంకులు. అంటే ఒక మంచానికి పది నెలల అద్దె. ఈ లెక్క దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. రేపు ఖాళీ చెయ్యమంటే చెయ్యవలసిన ఇంట్లో పది నెలల అద్దె పోసి కొన్న మంచం. వాటిలో అక్రోటు చెక్కది అతిథికి, మామూలు తెల్ల చెక్కది తనకు. పన్నెండు కుర్చీలు కొన్నాడు. ఇంట్లో ఉండబోయేది ఇద్దరు. పన్నెండు కుర్చీలెందుకంటే ఇంకా రాబోయేవాళ్ల కోసం. ఒక అద్దం కొన్నాడు. సెప్టెంబరు మధ్యలో మొదటిసారి ఆ ఇంట్లో రాత్రి పడుకున్నాడు.

అతిథి గది గోడలకు పొద్దుతిరుగుడు పూలు. ఆగస్టులోనే, ఆ పూల కాలం దాటిపోకముందే, పొద్దున్నే లేచి ఒక్క ఊపున వేసుకున్న బొమ్మలవి. కోసిన పూలు మధ్యాహ్నానికే వాడిపోయేవి గనుక పరుగుమీద వేశాడు. వాటిలో రెండింటిని అతిథి కోసం ఎంచాడు. ఒకటి నీలి పచ్చ నేపథ్యం మీద, ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. రెండోది పసుపు మీద పసుపు, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆ రెండోదాని సాహసం గురించి ఎంత చెప్పినా తక్కువే. పసుపు బల్ల, పసుపు కూజా, పసుపు గోడ, పసుపు పూలు. నీలం గీత ఒకటి సన్నగా అంచు కడుతుంది, అంతే. ఇంటి బయట గోడకున్న రంగును లోపలికి తెచ్చి, ఆ గదిలో పడుకునేవాడికి కిటికీ మూసినా ఎండ పోకుండా ఏర్పాటు చేసినట్టుంది. ఇవి కాక, ఇంటి ఎదురుగా ఉన్న తోటను ‘కవి తోట’ పేరుతో బొమ్మలుగా వేసి అవి కూడా ఆ గదికే కేటాయించాడు. కిటికీ తెరిస్తే కనిపించే తోటనే గోడ మీద కూడా పెట్టడం! అద్దె ఇళ్లలో గోడకు మేకు కొడితే ఇంటివాళ్లకు కోపం వస్తుందని బెరుకుగా బతికిన మనలాంటివాళ్లకు ఆ గోడలను చూస్తే గుండె పొంగుతుంది.

తన గది కోసం వేరే అలంకరణ చెయ్యలేదు. ఆ గదినే బొమ్మగా వేశాడు. అక్టోబరు మధ్యలో, విపరీతంగా పనిచేసి కళ్లు అలిసిపోయి విశ్రాంతిలో ఉన్నప్పుడు. చూడగానే విశ్రాంతి అనిపించాలి, అదే అతని కోరిక. నేను దీన్ని చాలాసార్లు అచ్చులో చూసి, విశ్రాంతి ఎక్కడుంది ఇందులో అని అనుమానపడ్డాను. గది ఒరిగి ఉంది. మంచం మీదికొచ్చేలా ఉంది. కానీ ఒరుగు అతని మనసుది కాదు. మూలమలుపు ఇల్లు కావడంతో ఆ గది గోడ నిజంగానే ఏటవాలుగా ఉండేది. ఉన్న గదిని ఉన్నట్టు వేశాడు. ఆ విషయం ఒప్పుకున్నాక నెమ్మదిగా శాంతి కనబడటం మొదలవుతుంది. నీడలు తీసేశాడు. జపాన్ అచ్చుబొమ్మల్లోలా ఒక్కో వస్తువుకూ ఒక్కో రంగు, నిండుగా, చదునుగా. వెన్న రంగు మంచం, ఎర్ర దుప్పటి, నిమ్మ ఛాయ దిండ్లు, నారింజ బల్ల మీద నీలం పళ్లెం, ఆకుపచ్చ కిటికీ. ఏ వస్తువూ మరో వస్తువు వెలుతురును దొంగిలించదు.

అన్నీ జంటలుగా ఉన్నాయి. రెండు కుర్చీలు, రెండు దిండ్లు, మంచం పైన ఇద్దరు స్నేహితుల ముఖచిత్రాలు. రెండు తలుపులు కూడా. కుడివైపు తలుపు మెట్ల వైపు తెరుచుకుంటుంది. ఎడమవైపు తలుపు అతిథి గదిలోకి. మూసి ఉన్న ఆ ఎడమ తలుపును చూడండి. ఈ బొమ్మలో కథ అంటూ ఏదైనా ఉంటే అది ఆ తలుపు వెనక ఉంది. గోగాన్ ఇంకా రాలేదు. గోడకు పూలున్నాయి, మంచం మీద దుప్పటి పరిచి ఉంది, ఆ గదిలో ఎవరూ లేరు. ఆ గదిని వేయకుండా దాని తలుపును మాత్రమే వేయడం గొప్ప ధ్వని. ఆనందవర్ధనుడు ధ్వని అన్నది కావ్యానికి సంబంధించి. రంగులో కూడా ధ్వని పలుకుతుందని ఈ తలుపు దగ్గర నాకు నమ్మకం కుదిరింది.

సొంతిల్లు వేసినవాళ్లతో పోల్చితే ఈ రుచి ఏమిటో మరింత స్పష్టపడుతుంది. పియెర్ బొనార్ 1926లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ల కానె అనే ఊళ్లో ఇల్లు కొన్నాడు. 1947లో అక్కడే పోయేదాకా ఆ గదులనే వేశాడు. భోజనాల బల్ల, స్నానపు గది, కిటికీలోంచి తోట. అతను చూసి వేయలేదు, జ్ఞాపకం నుంచి వేశాడు. రోజూ నడిచే గదిని జ్ఞాపకం నుంచి వేయడం సొంతదారుడికే సాధ్యం. ఎక్కడికీ పోదని తెలిసినదాన్ని కళ్లు మూసుకుని తలచుకోవచ్చు. ఆ బొమ్మల్లో స్మృతి ఉంది, తీరుబడి ఉంది, రంగులు ఒకదాంట్లోకి ఒకటి నానిపోయి ఉంటాయి. వాటిని నేను ప్రేమిస్తాను. మతీస్ దారి మరొకటి. 1917 చివర్లో నీస్‌కు వచ్చి, హోటల్ గదులూ అద్దె ఇళ్లూ మారుతూ, వెంట తెచ్చుకున్న తెరలూ బట్టలూ పరిచి ఏ గదినైనా తన గది చేసుకున్నాడు. అతనికి ఇల్లు రంగస్థలం. విన్సెంట్‌కు ఈ రెండూ తెలియవు. అతను ప్రతి వస్తువునూ చేత్తో తడిమి చూసినట్టు, పేరుపెట్టి పిలిచినట్టు వేస్తాడు. ఇది మంచం, ఇది కుర్చీ, ఇది నా కుర్చీ. చిరకాలం ఉండదని లోపల ఎక్కడో తెలిసినవాడి శ్రద్ధ అది. అద్దెదారుడి కళ్లు ఇంటిని సొంతదారుడి కళ్ల కన్నా ఎక్కువగా చూస్తాయి.

గోగాన్ అక్టోబరు 23న వచ్చాడు, తెల్లవారకముందే. ఆ వేళకు ఇంటికి వెళ్లి లేపడం ఇష్టం లేక కాఫీ హోటల్లో కూర్చున్నాడు. విన్సెంట్ ముందే చూపించిన అతని బొమ్మను బట్టి అక్కడివాళ్లు అతన్ని గుర్తుపట్టారు. వాసకసజ్జిక తలుపు తీసేసరికి ప్రియుడు ఊళ్లోనే ఉన్నాడు! ఆ తర్వాతి తొమ్మిది వారాలు ఇద్దరూ అద్భుతమైన బొమ్మలు వేశారు, భయంకరంగా వాదించుకున్నారు. గోగాన్‌కు ఆర్ల్ నచ్చలేదు. ఆ కథ అందరికీ తెలిసిందే, నేను తిరిగి చెప్పను. 1889లో ఇరుగుపొరుగువాళ్లు అర్జీ పెట్టడంతో పోలీసులు ఇంటికి తాళం వేశారు. విన్సెంట్ ఆసుపత్రిలో ఉండగా రోన్ నది పొంగింది. పొయ్యి వెలగని ఇంట్లో గోడలు చెమ్మ కక్కాయి, పడకగది బొమ్మ దెబ్బతింది. మే నెలలో సాన్ రెమీ చికిత్సాలయానికి వెళ్లిపోయాడు. 1944 జూన్ 25న మిత్రరాజ్యాల విమానాల బాంబుదాడిలో పసుపు ఇల్లు బాగా దెబ్బతింది, తర్వాత దాన్ని కూల్చేశారు. వెనకాల ఉన్న ఎత్తైన మేడ ఇప్పటికీ నిలిచి ఉంది. బొమ్మతో పోల్చి చూసుకోవాలనుకునేవాళ్లకు అదొక ఆనవాలు.

గోగాన్ సంగతి ఒకటి మాత్రం చెప్పాలి. అతనికి ఆర్ల్ ఎండ చాలలేదు. తాహితీ వెళ్లాడు, చివరికి 1901లో మార్కీసస్ దీవుల్లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. దాని గుమ్మం చుట్టూ చెక్కిన చెక్కలు ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. మార్కీసస్‌కు వెళ్లకముందు, తాహితీలో ఉన్న అతని తోటలో లేని పువ్వుండదు. అయినా ఫ్రాన్స్ నుంచి పొద్దుతిరుగుడు విత్తనాలు తెప్పించుకుని నాటాడు. 1901లో ఆ పూలను ఒక చేతుల కుర్చీలో పెట్టి బొమ్మ వేశాడు. ఒకటి కాదు, కొన్ని. తన కోసం ఒక గదిని అలంకరించినవాడి పూలు అవి. అప్పటికి విన్సెంట్ పోయి పదకొండేళ్లు.

రంగులు కూడా అద్దెదారుల్లాంటివే, ఎల్లకాలం ఉండవు. పడకగది గోడలు ఈనాడు నీలంగా కనిపిస్తాయి. విన్సెంట్ వేసినప్పుడు అవి లేత ఊదా. ఊదాలో కలిపిన ఎరుపు వెలుతురుకు వెలిసిపోయి నీలం మిగిలింది. తలుపులూ అంతే. అతను వాడిన క్రోమ్ పసుపు కూడా వెలుతురు సోకి గోధుమ రంగు వైపు తిరుగుతుంది. కాబట్టి మనం చూస్తున్న పసుపు అతను చూసిన పసుపు కన్నా మెత్తనిది. దీనికి బెంగపడనక్కర్లేదు. ఊదా గోడలకు వెన్న రంగు మంచాన్ని ఎదురుపెట్టి మనసులో మరోసారి చూడండి. గది ఇప్పుడు కనిపించేదానికన్నా ఎంతో గట్టిగా వెలుగుతుంది.

సాన్ రెమీలో ఉండగా, 1889 సెప్టెంబరులో, ఆ పడకగదిని అతను మళ్లీ రెండుసార్లు వేశాడు. ఒకటి దాదాపు అదే కొలతతో, ఇప్పుడు షికాగోలో ఉంది. రెండోది చిన్నది, తల్లికీ చెల్లెలికీ ఇవ్వడానికి. అది ఓర్సేలో ఉంది. మంచం పైన స్నేహితుల ముఖాలు మారాయి, రంగుల చిక్కదనం మారింది. అద్దె చెల్లిపోయిన గదిని, ఖాళీ చేసిన ఇంటిని, అమ్మకు చూపించడానికి తిరిగి కట్టాడన్నమాట. మూడూ గొప్పవే. చిన్నదానిలో చేతి నైపుణ్యం ఎక్కువని అనేవాళ్లున్నారు, నేను కాదనను. అయినా మూడింటిలో ఒక్కటే చూసే వీలుంటే ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియానికి వెళ్లమంటాను. మొదటి పడకగదీ పసుపు ఇల్లూ రెండూ ఆ మ్యూజియానివే. ముందు వీధి చూడండి, తర్వాత గది చూడండి. కాపీలు రెండూ జ్ఞాపకం నుంచీ మొదటి బొమ్మ నుంచీ వచ్చినవి. ఆమ్‌స్టర్‌డామ్‌ది మాత్రం ఆ గదిలోనే, పక్క గదికి అతిథి వారం రోజుల్లో వస్తాడని నమ్ముతూ వేసింది.